గొంగడి పరవని సభ

మంద మిత్ర పథకం అమలు అధికారి గారి సముఖమునకు,
జడ్చర్ల కార్యాలయం.

అర్జీదారు: త్రివేణి, భర్త పేరు మల్లేశ్, వృత్తి గొర్రెల పెంపకం, బోడగుట్టపల్లి గ్రామం, కోస్గి దగ్గర.

తేది: 9 ఏప్రిల్ 2025.

విషయం: మంద మిత్ర పద్ధతిని అమలు చేయుటకు ముందు జరిపిన భాగస్వాముల సమావేశంలో మా మామగారు గుర్వయ్య కుర్చీలో కూర్చున్న విషయమును రద్దు పరచి, సదరు సమావేశమును మళ్లీ జరిపించుట గురించి, అంతవరకు దారిలో ఉన్న మా గొర్రెలకు ఉన్నచోటనే మందు ఇప్పించుట గురించి.

అయ్యా,

పై విషయం చదివి తమరికి నవ్వు వచ్చి ఉంటుంది. పట్టా రద్దు చేయమని అడిగేవాళ్లను చూసి ఉంటారు, పింఛను కోసం కాళ్లరిగేలా తిరిగేవాళ్లను చూసి ఉంటారు. ఒక మనిషి కుర్చీలో కూర్చున్నది రద్దు చేయమని అడిగే అర్జీ ఇంతవరకు తమ బల్ల మీదికి వచ్చి ఉండదు. నవ్వండి, తప్పు లేదు. కాగితం మాత్రం పక్కన పెట్టకండి. మా గొర్రెలు చస్తున్నాయి. మా మామ వాటిని ఎండలో నడిపించుకుంటూ తమ జడ్చర్ల వైపే వస్తున్నాడు.

నేను కోస్గిలో ఇంటర్ వరకు చదువుకున్నాను. మా ఊరిలో పింఛను అర్జీలు, కరెంటు అర్జీలు రాసేది నేనే. 'విన్నవించుకొనునది ఏమనగా' అని ఎక్కడ పెట్టాలో, 'తమరి దయ' అని ఎక్కడ పెట్టాలో నాకు బాగా తెలుసు. ఊరివాళ్లకు రాసేటప్పుడు అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. ఇది సొంత బాధ కాబట్టి ఆ మర్యాద ఎంతదూరం నిలుస్తుందో చెప్పలేను. మాట తూలినచోట క్షమించవలెను.

కావున విన్నవించుకొనునది ఏమనగా:

1. మాది గొర్రెల మీద బతికే ఇల్లు. మందలో మా మామవి, మా అత్త రామమ్మవి, నావి కలిసే ఉంటాయి. ఏ గొర్రె ఎవరిదో చెవి కోత చూసి చెబుతాము. సంక్రాంతి దాటితే మా గుట్టల్లో గడ్డిపోచ ఉండదు, కుంటల్లో నీళ్లుండవు. అందుకని నా భర్త మల్లేశ్ మందను తోలుకొని దేవరకొండ అవతల కృష్ణ ఒడ్డుకు పోతాడు. తొలకరి పడ్డాక తిరిగి వస్తాడు. అక్కడి రైతులు తమ చేలల్లో మందను ఆపించుకుంటారు. ఎరువు వాళ్లకు, మేత మాకు. మా తాతల నాటి నుంచి ఇంతే. అనగా ఏడాదిలో దగ్గర దగ్గర సగం కాలం మా మంద మా ఊరిలో ఉండదు. ఈ ఒక్క ముక్క తమ పద్ధతిని తయారు చేసినవాళ్లకు తెలిసి ఉంటే ఈ అర్జీ రాసే పని పడేది కాదు.

2. ఆ ముక్క చెప్పుకొనే అవకాశం మాకు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. అబద్ధం ఆడను. పోయిన వానాకాలంలో తమరు జడ్చర్లలో ఒక ఫంక్షన్ హాలులో భాగస్వాముల సమావేశం ఏర్పాటు చేశారు. ఊరికి ఇద్దరు రావాలన్నారు. మా ఊరి తరఫున మా మామ వచ్చాడు, చదివి చెప్పడానికి నేను వచ్చాను. బగారన్నం పెట్టారు, బాగుంది.

గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. ఫోనులో మంద మిత్ర అని ఒకటి ఉంటుందని, ప్రతి మందకు ఒక ఊరు, ఒక యజమాని, ఒక ఫోను అని చెప్పారు. మందు గాని టీకా గాని కావలసినప్పుడు మందను నమోదైన ఊరిలో నిలబెట్టి ఫోటో తీసి పంపాలని, అప్పుడే దవాఖానవాళ్లకు మందు ఇచ్చే అనుమతి వస్తుందని చెప్పారు. ఒకే మందను రెండు ఊళ్లలో రాయించి మందులు ఎత్తుకుపోయేవాళ్లను పట్టుకోవడానికి ఈ ఏర్పాటు అన్నారు. అట్లాంటి దొంగలు ఉన్నారు, నేను కాదనను. దొంగ దొరుకుతాడని ఇంటివాణ్ణే గడప బయట నిలబెట్టి తాళం వేశారని మాత్రం అంటాను.

అంతా అయ్యాక తమరు మైకు తీసుకొని "ఎవరికైనా అభ్యంతరాలు ఉన్నాయా?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. అప్పుడు మా మామ కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నాడు.

3. ఆయన అట్లా ఎందుకు కూర్చున్నాడో వివరించుట.

మా దగ్గర కులం సభ అంటే గొంగడి ఉండాలి. సభ పిలిచినవాడే తన చేత్తో గొంగడి పరవాలి. అందరూ దాని మీద కూర్చుంటారు. చాలకపోతే పక్కన ఇంకొకటి కలుపుతారు. మాట నచ్చనివాడు అరవడు. పెద్దల ముందు 'కాదు' అనడం మా ఇళ్లలో మర్యాద కాదు. మెల్లగా లేచి, గొంగడి దిగి, ఒట్టి నేల మీద కూర్చుంటాడు. కాదనడమంటే మాకు అదే. ఒక్క మనిషి నేల మీద ఉన్నా సభ ముందుకు సాగదు. పిలిచినవాడు ఆ మనిషి వైపు తిరిగి "ఏం బాధ?" అని అడగాలి. అడిగితేనే నోరు విప్పుతాడు. బాధ తీర్చిన తరువాత, చేయి పట్టి మళ్లీ గొంగడి మీదికి తీసుకొస్తారు. వచ్చి కూర్చున్నాడంటే ఒప్పుకున్నట్టు. ఇక వెనక్కి పోవడం ఉండదు. తరువాత మళ్లీ కాదనాలంటే ఒకటే దారి. సభ పిలిచినవాడే ఆ గొంగడి తీసి, దులిపి, కొత్తగా పరవాలి.

ఇందులో ఆడా మగా తేడా లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సభ జరిగింది. ఆ ఏడు మందను భీమా నది వైపు తోలుదామని మగవాళ్లంతా తలలూపారు. మా అత్త లేచి నేల మీద కూర్చుంది. "ఏం బాధ రామమ్మా?" అని అడిగారు. "ఈనెటివి ఎన్నున్నయో ఒక్కలన్న సూసిండ్రా? గా తొవ్వల నీళ్లేడున్నయి?" అని అడిగింది. ఎవరూ చూడలేదు. అందరి ఇళ్లలో అన్నం చల్లారిపోయింది గానీ ఆమె బాధ తేలేదాకా సభ లేవలేదు. చివరికి మంద కృష్ణకే పోయింది.

4. తమ హాలులో గొంగడి లేదు. తెల్లబట్ట తొడిగి, నడుముకు రిబ్బన్లు కట్టిన కుర్చీలు ఉన్నాయి. సర్కారు సభలో ఇవే గొంగడి కాబోలని మా మామ అనుకున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం చూసి పక్క గుట్టల ఊళ్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు కూడా ఒకరి వెనుక ఒకరు లేచి నేల మీదికి దిగారు. నాకు భయం వేసింది. సంతోషం కూడా వేసింది. అంతమంది నేల మీద కూర్చున్న సభను నేను ఎన్నడూ చూడలేదు. ఇక సారు ఇటు తిరిగి "ఏం బాధ?" అని అడుగుతాడు, మామ అంతా చెబుతాడు అనుకున్నాను.

తమరు మైకులో అన్న మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది.

"అరే, పెద్దవాళ్లు కింద కూర్చున్నారు, ఇంకా కుర్చీలు తెప్పించండయ్యా!"

కుర్చీలు వచ్చాయి. తమరు స్వయంగా వేదిక దిగి వచ్చి, మా మామ చేయి పట్టుకొని లేపి, "పెద్దాయనా, మీరు కింద కూర్చోవడమేంటి? ఇదంతా మీకోసమే కదా!" అన్నారు. అయ్యా, తమ ముఖంలో అప్పుడు నిజమైన మర్యాద కనబడింది. మా కొంప మునిగింది అక్కడే. కసురుకొని ఉంటే మా మామ కదిలేవాడు కాదు. అంత పెద్ద అధికారి వంగి చేయి పడితే విదిలించుకోలేకపోయాడు. లేచాడు, కుర్చీలో కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. తీర్మానం చదివి వినిపించారు: 'హాజరైన భాగస్వాములందరి చేత ఏకగ్రీవముగా ఆమోదించబడినది.' చప్పట్లు కూడా కొట్టించారు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "మామా, గా సారుకు మన పద్ధతి తెల్వదు. ఆయన అడగలే, నువ్వు చెప్పలే. ఒప్పుకున్నట్టు ఎట్లయితది?" అన్నాను.

ఆయన కిటికీలోంచి చూస్తూ, "తెలిసి పట్టినా తెల్వక పట్టినా చెయ్యి చెయ్యే బిడ్డా. నేనైతే లేసిన. నలుగురు సూసిండ్రు. ఇగ గంతే," అన్నాడు.

5. ఈ సంగతి వివరిస్తూ అప్పుడే తమ కార్యాలయమునకు ఒక ఉత్తరం రాసి ఉన్నాను. జవాబు వచ్చింది. 'మీ సూచన స్వీకరించబడినది. రాబోవు సమావేశములలో అదనపు కుర్చీలు ఏర్పాటు చేయబడును.' రాసినవారు ఎవరో గానీ నా ఉత్తరంలో కుర్చీ అన్న మాట ఒక్కటే చదివి ఉంటారు. ఈ జవాబు మీద నాకు వేరే ఫిర్యాదు లేదు. చదివి ఏడ్చాను, తరువాత మా అత్తకు చదివి వినిపిస్తే ఇద్దరం నవ్వాము.

6. ఇక పద్ధతి అమలులోకి వచ్చింది. మా ఇంట్లో బొమ్మలు కనబడే ఫోను ఒక్కటే, అది నాది. మల్లేశ్ దగ్గర ఉన్నది గుండీల ఫోను. కృష్ణ ఒడ్డున చేలల్లో పడుకునేవాడికి అదే పనికొస్తుంది. కాబట్టి మందకు యజమానిగా నా పేరు రాశారు. "మా కోడలు దొరసాని అయింది," అని మా అత్త ఊరంతా చెప్పుకుంది. దొరసాని పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు కొడుతుంటే తనిఖీ అని ఫోను మోగి 'మీ మందను చూపండి' అంటుంది. ఏం చూపాలి? రొట్టె చూపనా? ఇంట్లో ఉన్నది ఒక కుంటి మేక. ఒకరోజు ఒళ్లు మండి దాని ఫోటోనే పంపాను. 'మంద అసంపూర్ణం' అని వచ్చింది. నా మీద ఎర్ర గుర్తు పడింది. మేక మీద కూడా పడిందేమో తెలియదు.

ఆ మీటింగుకు ఊరికి ఇద్దరిని పిలిచారు. మందతో నడిచే మల్లేశ్‌ను పిలవలేదు, ఫోను పట్టుకొని కూర్చోవలసిన ఆడవాళ్లను పిలవలేదు. నేను వచ్చింది చదివి చెప్పడానికే, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

7. ఫాల్గుణం చివరలో మల్లేశ్ ఫోను చేశాడు. "ముక్కులు కారుతున్నయి. నోట్ల పుండ్లు లేసినయి. నీళ్లనీళ్లు పారుతున్నయి. పిల్లలు పొదుగు పడుతలేవు. నిన్న రెండు పోయినయి, ఇయ్యాల ఇంకోటి లేస్తలేదు," అన్నాడు. ఆయన మామూలుగా ఫోనులో తిన్నవా, పడుకున్నవా అనేకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ గొంతు విని నేను తెల్లారేసరికి బస్సెక్కాను. ఫోను పట్టుకొని పోతే పని అవుతుందనుకున్నాను.

అక్కడి పశువుల దవాఖానలో వెంకటేష్ అనే సహాయకుడు ఉన్నాడు. మంచి పిల్లవాడు. మా వెంట చేను దాకా వచ్చి చూశాడు. చూడగానే రోగం ఏదో చెప్పాడు. సోకినవాటికి సూది వేయాలి, సోకనివాటికి వెంటనే టీకా వేయాలి, ఆలస్యమైతే మంద ఊడ్చుకుపోతుంది అన్నాడు. నా ఫోనులో మంద ఫోటో తీసి పంపాము. 'మంద నమోదైన గ్రామ పరిధిలో లేదు. సేవ నిరాకరించబడినది' అని వచ్చింది.

"టీకా నా దగ్గర్నే ఉందక్కా, ఐసు డబ్బల. ఇస్తే నా మీదికొస్తది. మీ మంద ఈడ లేదంటాంది గిది," అని ఫోను చూపించాడు. మంద ఆయన ముందే నిలబడి దగ్గుతోంది.

"గిట్లయితదని ముందుగాల మీరన్న చెప్పలేదా తమ్మీ?" అని అడిగాను.

"మమ్ముల ఎవరడిగిండ్రక్కా? తర్ఫీదని ఒక దినం పిలిచిండ్రు. ఏడ నొక్కాల్నో చెప్పి పంపిచ్చిండ్రు. అడిగేది ఉంటే గదా చెప్పెటందుకు," అన్నాడు.

మందను ఆపించుకున్న చేను అరుణమ్మది. చుట్టుపక్కల రైతులు రోగం మందను తోలేయమని ఆమె మీద పడుతున్నారు. ఆమె తోలేయలేదు. చచ్చిన గొర్రెలను తన గట్టు పక్కనే పూడ్చనిచ్చింది. "నా చేన్ల ఉన్న మంద గదా, నా ఫోన్ల రాయిండ్రి," అంది. రాయబోతే 'మీరు గొర్రెల పెంపకందారా?' అని అడిగింది యంత్రం. లేదు అని నొక్కగానే మూసుకుపోయింది. మా మంద ఎరువుతో పంట తీసే మనిషి తమ లెక్కలో భాగస్వామి కాదు.

8. తమరి సహాయ కేంద్రం నంబరుకు చేశాను. హైదరాబాదు నుంచి అనూహ్య అనే అమ్మాయి మాట్లాడింది. ఈ మంద మిత్రను తయారు చేసినవాళ్లలో ఆమె ఒకరు. నేను అరిచాను, ఆమె అరవలేదు. అంతా విని, "మంద ఊరు దాటి వెళుతుందని మాకెవరూ చెప్పలేదక్కా. కాపరి ఇంటి దగ్గరే ఉంటాడని మాకిచ్చిన కాగితంలో ఉంది. దాని ప్రకారమే చేశాం," అంది. తరువాత, "మార్చడం మాకు పెద్ద పని కాదు. కానీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నదాన్ని మేం ముట్టుకోకూడదు. భాగస్వాముల సమావేశం మళ్లీ జరిగి వేరే తీర్మానం రావాలి. అది అధికారిగారి చేతిలో ఉంది," అని చెప్పింది.

అంటే అయ్యా, ఆ అమ్మాయి చేతులు కట్టేసినది కూడా ఆ కుర్చీయే.

9. ఆ ఊరి పేరు మీదే మంద నమోదైన ఒకాయన మమ్మల్ని చూసి జాలిపడి, మా గొర్రెలను తన మందగా చూపించి టీకా వేయిద్దామన్నాడు. మల్లేశ్ సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. తమరు నేరం అంటే అనండి. మా మామకు తెలిసి ఫోనులోనే అడ్డం పడ్డాడు.

"ఒక మందకు ఒక ఊరన్నరు. సరేనన్నట్టు కుర్సీల కూసున్న. ఇప్పుడు దొంగతనంగ ఇంకో పేరు మీద రాపిస్తే రేపు నేను ఏ సభల కూసోవాలె? బీరప్ప దేవుని ముంగట ఏ మొకం పెట్టుకోని నిలబడాలె?"

నేను ఊరికి తిరిగి రాగానే ఆయనతో కొట్లాడాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. "నీ మాట బతకాలంటే గొర్రెలు సావాల్నా మామా? నోరు లేని జీవాలు, అవి ఏ కుర్సీల కూసున్నయి?" అన్నాను. మా అత్త కూడా నన్ను ఆపలేదు. ఆయన మరునాడు పొద్దున్నే గొంగడి భుజాన వేసుకొని బస్సెక్కి కృష్ణ ఒడ్డుకు పోయాడు. మనసు మారిందనుకొని సంతోషించాను.

మారలేదు. మంద ఊరిలో ఉంటేనే మందు ఇస్తారన్నారు కదా, ఊరికే తోలుకొస్తానని బయలుదేరాడు.

10. ప్రస్తుత పరిస్థితి. చైత్రం ఎండలో, తారు మెత్తబడిన రోడ్డు పక్కన, రోగం గొర్రెలను మా మామ, నా భర్త నడిపించుకొస్తున్నారు. లారీ మాట్లాడదామంటే రోగం మంద అని తెలిసి ఎవరూ ఎక్కించుకోలేదు. దేవరకొండ దాటారు, కల్వకుర్తి దాటారు, నిన్న మిడ్జిల్ వైపు మళ్లారు. చనిపోయినవాటిని ఎక్కడికక్కడ పూడ్చి వస్తున్నారు. "మా నాయిన సరిగ తింటలేడు. పడిపోయిన పిల్లను ఎత్తుకోని నడుస్తుండు. పండుకునేటప్పుడు గొంగడి పిల్లలకు కప్పి తాను నేల మీద పంటుండు. వద్దంటే ఇంటలేడు," అని మల్లేశ్ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నా భర్త ఏడవడం నేను వినడం అదే మొదలు.

తమరికి మా గొర్రెల మీద జాలి కలగకపోయినా ఒక సంగతి మాత్రం ఆలోచించవలెను. దారిలో ఎన్ని ఊళ్లున్నాయో, ప్రతి ఊరిలో ఎన్ని మందలున్నాయో తమ ఫోనులోనే ఉంటుంది. మా మందను వాటికి వీలైనంత దూరం పెడుతున్నా, నీళ్ల తొట్టి దగ్గర ఎక్కడో ఒకచోట కలవక తప్పదు. ఉన్నచోట ఆపవలసిన రోగాన్ని తమ పద్ధతి జిల్లాలు దాటించి నడిపిస్తోంది.

మా ఊరు చేరాలంటే జడ్చర్ల నుంచి ఇంకా చాలా దూరం. అంతదూరం అవి రావు. వచ్చిన నాలుగింటిని ఇంటి ముందు నిలబెట్టి నేను ఫోటో తీయాలి. ఆ ఫోటో తీయడానికి నాకు చేతులు రావు.

11. తమరు చెడ్డవారని నేను ఎక్కడా అనలేదు. ఆ అమ్మాయి అనూహ్య చెడ్డది కాదు, వెంకటేష్ చెడ్డవాడు కాదు, మా మామ అసలే కాదు. ఇంతమంది మంచివాళ్లం కలిసి గొర్రెలను చంపుతున్నాము. అడగవలసినవాళ్లను అడగవలసిన తీరులో అడగకపోతే ఇట్లాగే అవుతుంది. అడిగినట్టు కనబడితే ఇంకా అన్యాయం, ఎందుకంటే తరువాత నోరెత్తితే 'అప్పుడే ఎందుకు చెప్పలేదు' అంటారు. మేము చెప్పాము. నేల మీద కూర్చొని చెప్పాము.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

మొదటిది, ఇది ఈ రోజే జరగాలి. మా మంద ఎక్కడ ఉంటే అక్కడికి డాక్టరును పంపి సూదులు, టీకాలు వేయించవలెను. మంద ఎక్కడుందో ఫోను చెప్పకపోతే నేను చెబుతాను.

రెండవది, భాగస్వాముల సమావేశం మళ్లీ పిలవవలెను. మందలు ఊళ్లో ఉండే కాలంలో పిలవవలెను. మందతో నడిచేవాళ్లు, ఇంట్లో ఫోను పట్టుకునే ఆడవాళ్లు, అరుణమ్మ వంటి రైతులు, వెంకటేష్ వంటి దవాఖానవాళ్లు, అనూహ్యతో పాటు ఆ యంత్రం తయారు చేసేవాళ్లు అందరూ ఉండవలెను. పద్ధతి ముందే తయారు చేసి బాగుందా అని అడగడం కాకుండా, ఏం కావాలో అడిగి తయారు చేయవలెను.

మూడవది, ఆ సభలో కుర్చీలు వేయించుకుంటే వేయించుకోండి, గొంగడి కూడా పరవవలెను. సభ పిలిచినవారు తమరే కాబట్టి తమ చేత్తోనే పరవవలెను. అప్పుడు గానీ మా మామ ఆ కుర్చీలోంచి లేవలేడు.

ఇంటి కోడలిగా, కాగితం మీద మందకు యజమానిగా, రాసుకున్న ఈ మొర పై నుంచి కింది దాకా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
త్రివేణి

తా.క. (11 ఏప్రిల్, జడ్చర్ల): అయ్యా, అర్జీ పోస్టులో వేయలేదు. అది తమ దగ్గరికి చేరేలోపు మంద చేరేటట్టుందని మల్లేశ్ చెబితే నేనే మొదటి బస్సుకు తీసుకొచ్చాను. మంద ఊరి బయట, మిడ్జిల్ రోడ్డు పక్కన వేపచెట్ల కింద ఆగింది. బయలుదేరినప్పటి మందలో సగం కూడా లేదు. మల్లేశ్ వాటి దగ్గర ఉన్నాడు. మా మామ నాతో పాటు తమ కార్యాలయానికి వచ్చాడు. ఈ నాలుగు ముక్కలు తమ వరండాలోనే, తమ అటెండరు కలం అడుక్కొని రాస్తున్నాను.

తమరు లోపల మీటింగులో ఉన్నారన్నారు. మా మామ నిలబడి ఉన్నాడు. వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు. అటెండరు మంచివాడు, కుర్చీ తెచ్చి వేశాడు. మామ కూర్చోలేదు. ఆయన పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. "జర కూసో మామా, కుర్సీల వద్దంటే కింద కూసో," అన్నాను.

"కుర్సీల కూసుంటే మళ్ల ఒప్పుకున్నట్టయితది. కింద కూసుంటే ఇచ్చిన మాట తప్పినట్టయితది. నిలబడనియ్యి బిడ్డా," అన్నాడు.

ఆయన ఎంతసేపైనా నిలబడతాడు. గొర్రెలు నిలబడలేవు. గొంగడి ఆయన భుజం మీదే ఉంది, గొర్రెపిల్లల వాసన వస్తుంది, ఏమనుకోకండి. సభ పిలిచినది నేను కాదు కాబట్టి నేను పరవకూడదు. తమరు ఒక్కసారి బయటికి వచ్చి, దాన్ని తీసుకొని, దులిపి, ఈ వరండాలోనే పరవండి. అప్పుడు ఆయన కూర్చుంటాడు. ఎక్కడ కూర్చున్నాడో చూసి, "ఏం బాధ?" అని అడగండి.